ఇరవై ఒకటో నాటి చీర

పోయిన నెల నా పుట్టినరోజుకి మా అమ్మాయి నాకు ఒక గంట బహుమతిగా ఇచ్చింది. నల్లగండ్లలో మేముండే అపార్టుమెంటుకి రెండు వీధుల అవతల, ఒళ్లు బిగుసుకుపోయినవాళ్లకి చేతులతో సుతారంగా వైద్యం చేసే ఒకావిడ ఉందట. "అమ్మా, నీ భుజాలు చూస్తుంటే నాకే నొప్పి పుడుతోంది. వెళ్లి రా" అని నన్నడక్కుండానే బుక్ చేసేసింది. డబ్బు కట్టేసింది కదా అని వెళ్లాను. ఏదో పూల నూనె వాసన, సన్నగా వేణువు. "మనసులో మింగేసినదంతా ఒంట్లో ఎక్కడో దాక్కుంటుందండీ. నెమ్మదిగా చేస్తే కొంతమందికి వదులుతుంది, చూద్దాం" అని మర్యాదగా చెప్పి, ఆవిడ నా రెండు రెక్కల మధ్య అరచెయ్యి ఆనించింది. నొక్కలేదు, రుద్దలేదు. ఆనించి ఊరుకుంది.

నాకు భోరున ఏడుపొచ్చింది. ఆవిడ కంగారుపడలేదు. ఇక్కడ చాలామంది ఏడుస్తారండీ, మామూలే, అంది. ఆవిడకేం తెలుసు? నా వీపు మీద అలా చెయ్యి పెట్టి ఊరుకున్న మనిషి ఇంకొకామె ఉండేదనీ, పాతికేళ్ల కిందట ఆమెను నా గుమ్మంలోంచి వెనక్కి పంపేశాననీ ఎలా తెలుస్తుంది?

అప్పట్లో మేం మాదాపూర్ ఊళ్లో ఒకరింటి మేడ మీద కిరాయికి ఉండేవాళ్లం. హైటెక్ సిటీ గుండ్రటి భవనం అప్పుడప్పుడే లేస్తోంది. చుట్టుపక్కల బండలు పేలుస్తుంటే మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. మా ఆయన పొద్దున్నే జీడిమెట్లలో మందుల ఫ్యాక్టరీకి పోతే, నేను పక్కనే ఉన్న ఆఫీసుకి నడిచిపోయేదాన్ని. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాములన్నిట్లో తారీఖులు సరిచెయ్యాలి. మా మేనేజరు అరచేతిలో వైకుంఠం చూపిస్తూ మా చేత ఇద్దరు మనుషుల పని చేయించేవాడు.

మా కింద ఇంటివాళ్ల కూతురు పురిటికి వచ్చింది. ఆ బాలింతకీ బిడ్డకీ నీళ్లు పోయడానికి రోజూ వచ్చేదామె. ఊళ్లో పెద్దలూ పిన్నలూ అందరూ అవ్వ అనేవారు, నేనూ అవ్వ అనే అన్నాను. పేరు అడగలేదు. అది నా మొదటి తప్పు.

పొట్టి మనిషి, నల్లటి మనిషి. చేతులకి వెండి కడియాలు. పనికి ముందు వాటిని తీసి కిటికీ గట్టు మీద పెట్టేది, వెళ్లేటప్పుడు ఒకటి తొడుక్కుని ఒకటి మర్చిపోయేది. మళ్లీ వీధి చివరిదాకా వెళ్లి, మణికట్టు తడుముకుని, తనను తనే తిట్టుకుంటూ తిరిగొచ్చేది. ఊళ్లో ముక్కాలు మంది ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. కానీ అప్పటికే కాన్పులన్నీ దవాఖానలకి పోయాయి. ఆమెకి మిగిలినవి నీళ్లు పోయడం, నూనె రాయడం, పట్టేసిన మెడలు, నడుములు. దవాఖాన మీద ఆమెకేం కోపం లేదు. "గాడనే మంచిది బిడ్డా. నా చేతుల సచ్చిపోయిన తల్లులు నాకు యాదికున్నరు" అనేది.

నన్ను మొదటిసారి చూసింది మెట్ల మీద. నేను ఆఫీసునుంచి వచ్చి పైకెక్కుతున్నాను. ఆమె పెరట్లో పొయ్యి చల్లార్చుకుంటోంది.

"ఏందమ్మా, భుజాలు చెవులకాడికి పోయినయ్? ఎవలన్న కొడ్తరని భయపడ్తున్నవా?" అంది.

నేను నవ్వేసి పైకి పోబోయాను. ఆమె వదల్లేదు. "నవ్వుడు గాదు. చెయ్యి ఎత్తు సూద్దాం" అంది. ఎత్తాను. భుజం దాటి లేవలేదు. అప్పటికి నాలుగు నెలలుగా తల నేనే దువ్వుకోలేక ఆదివారాలు మా ఆయన చేత దువ్వించుకుంటున్నాను. నిద్రలో పళ్లు కొరుకుతున్నానని ఆయనే చెప్పేవాడు. ఎక్స్‌రే తీశారు, ఏమీ లేదన్నారు, మాత్రలిచ్చారు, కుర్చీ మార్చుకోమన్నారు. కుర్చీ కూడా మార్చాను.

"పెయ్యంత కట్టెలెక్క అయింది. ఆదివారం వస్త" అని తనే నిర్ణయించేసింది. పెయ్యంటే ఒళ్లని నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం వచ్చింది. ముందు రెండు చేతులూ తిప్పి గోళ్లు చూపించింది, బళ్లో పిల్లలు టీచరుకి చూపించినట్టు. అది ఆమె అలవాటు, ఎవరింటికి వెళ్లినా అంతే. తర్వాత గోడ మీద గడియారం తీసి వంటింట్లో పెట్టి రమ్మంది. "గది టిక్కుటిక్కు అంటాంటే మెడ నా మాట ఇనది" అంది. నిప్పుల మీద అరచేతులు కాచుకుని, నన్ను పీట మీద కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని, మెడ కింద ఒక చెయ్యి, నుదుటి మీద ఒక చెయ్యి పెట్టింది. ఇక ఏమీ చేయలేదు. ఐదు నిమిషాలు చూశాను. పది నిమిషాలు చూశాను. ఈవిడ నిద్రపోయిందా ఏమిటని అనుమానమొచ్చింది.

"అవ్వా, గట్టిగా పిసుకు, పర్వాలేదు, ఓర్చుకుంటాను" అన్నాను.

"పిసుకుడు పిండికి. మనిషికి గాదు" అంది. "నువ్వు ఓర్చుకునుడు బంజెయ్యనీకే నేనొచ్చిన. జర ఆగు."

జర ఆగు. రోజుకి వందసార్లు అనేది ఆ మాట. బిడ్డ ఏడిస్తే జర ఆగు, నీళ్లు కాగకపోతే జర ఆగు, మా మేనేజరు గురించి నేను చెప్తుంటే ఆయన్ని కూడా జర ఆగమను అనేది. నేను చేసే పనేమిటో ఒకసారి అడిగింది. యంత్రాలు సంవత్సరాన్ని రెండంకెల్లోనే గుర్తుపెట్టుకుంటాయి, రెండువేలు రాగానే వందేళ్లు వెనక్కి పోయామని పొరబడతాయి, అలా పోకుండా చూడటం నా పని అని చెప్పాను. చాలాసేపు ఆలోచించింది.

"పోతే పోనీయరాదు? ఆడ మా అవ్వ ఉంటది" అంది.

ఇంకోసారి, "దినమంతా టీవీ ముంగట కూసుంటవు, ఒక్క సినిమా గూడ రాదాయె" అని నా మీద జాలిపడింది. టీలో నాలుగు చెంచాల చక్కెర వేసుకుని, బిస్కట్టు అందులో ముంచి, అది విరిగి పడిపోతే అయ్యో అని నిజంగానే బాధపడేది.

తగ్గుతుందా అవ్వా అంటే, తగ్గుతుందని ఒక్కసారీ అనలేదు. "పోతదో పోదో నాకెర్క లేదు. చెయ్యి పెడ్త, అంతే" అనేది. పక్కింటాయన ఎడమచెయ్యి లాగుతోందని వస్తే, ముట్టుకుని, "ఇది నా చేతిది గాదు, ఇప్పుడే దవాఖానకు పో" అని తరిమింది. ఆ తరమడం వల్లే ఆయన బతికాడని ఇంటావిడ చెప్పేది. అవ్వ మాత్రం ఆ సంగతి ఎత్తితే కడియాలు వెతుక్కోవడం మొదలుపెట్టేది.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో, ఆమె చెయ్యి మెడ నుంచి వీపు మీదుగా నడుం దాకా వచ్చి ఆగింది. అక్కడే ఉండిపోయింది.

"ఎన్నో నెలల పోయింది?" అని అడిగింది.

ఆ మాట హైదరాబాదులో మా ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఆఫీసులో జ్వరమని చెప్పాను. మా అమ్మ ఫోన్లో, "ఎవరితోనూ అనకే, మళ్లీ నిలబడేదాకా నోరు మెదపకు" అంది. మూడో రోజున పనిలోకి పోయాను, గడువు దగ్గరపడిందని. నాలుగు రోజులు రక్తం గుడ్డలతో కుర్చీలో కూర్చుని తారీఖులు సరిచేశాను. పాలు వచ్చాయి, రొమ్ములు గట్టిగా గుడ్డతో కట్టేసుకున్నాను. భుజాలు లేచింది అప్పుడే. నాకు ఆ రోజుదాకా ఆ రెండింటికీ సంబంధముందని తోచలేదు.

"ఐదు" అన్నాను.

"నీళ్లు పోసినరా?"

"నాకెందుకు పోస్తారు అవ్వా? బిడ్డే లేదుగా."

ఆమె నా ముందుకొచ్చి కూర్చుంది. కోపం వచ్చింది ఆమెకి. నా మీద కాదు. "బిడ్డ దక్కకుంటే నువ్వు బాలింతవు గావా? పాలు రాలేదా? పేగు నొవ్వలేదా? ఊకె లేసి కొలువుకు వొయినవా?" అంది. "అందుకే నీ పెయ్యి ఇంక ఎవలో వచ్చి నీళ్లు పోస్తరని సూస్తున్నది."

మరుసటి ఆదివారం పొద్దున పెరట్లో నీళ్ల గుండిగ పొయ్యి మీదికెక్కింది. ఇంటావిడ మొదట గొణిగింది, ఇదేం ఆచారమని. అవ్వ ఒక్క చూపు చూసేసరికి వేపాకు తనే దూసి తెచ్చింది. ఆముదం రాసి, వేళ్లతో కాదు, అరచేతులతో, ఎక్కడా తొందర లేకుండా, పాదాల నుంచి మొదలుపెట్టి మాడు దాకా వచ్చింది. ఆ తర్వాత చెంబు చెంబూ నడుం మీద, పొట్ట మీద, భుజాల మీద నీళ్లు. వేడి వేడి నీళ్లు. ఎన్ని చెంబులో తెలియదు. మొదట నాకు సిగ్గేసింది. కొంతసేపటికి నా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, అది నాదేనని గుర్తుపట్టడానికి టైం పట్టింది. ఏడ్చాను. ఊరంతా వినేలా ఏడ్చాను. అవ్వ ఊరుకోమని అనలేదు. నీళ్లు పోస్తూనే ఉంది.

చివర్న ఒక పాత చీర నా చుట్టూ చుట్టింది. అతుకుల చీర, ఉతికి ఉతికి దూదయిపోయింది. బిడ్డ దక్కనివాళ్లకి నీళ్లు పోసినప్పుడల్లా ఆమె చుట్టేది ఆ చీరేనట. ఎంతమంది చుట్టుకున్నారో అంటే చెప్పలేదు. సాంబ్రాణి పొగ వేసి, నా పక్కన కూర్చుని, నేను నిద్రపోయేదాకా వీపు మీద చెయ్యి తియ్యలేదు.

మర్నాడు తల నేనే దువ్వుకున్నానని చెప్తే కథలా ఉంటుంది. అలా ఏం జరగలేదు. చెయ్యి లేవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. కానీ ఆ రాత్రి పళ్లు కొరకలేదని మా ఆయన అన్నాడు.

నేనొక చీర కొని ఆమెకివ్వబోతే వెనక్కి తోసేసింది.

"చీర పెట్టినవంటే పని అయిపోయినట్టు. ఇగ రాకు, పో అన్నట్టు. గది మా రివాజు" అంది. "నీ పని యాడ అయింది? మళ్ల నీకు బిడ్డ పుట్టాలె. నేను నీళ్లు వొయ్యాలె. ఇరవై ఒకటో నాడు ఆఖరి నీళ్లు పోసినంక పెట్టు. గా దినం తీస్కుంట. అంతదాక చీర పట్టుకొని నా ముంగటికి రాకు."

"నువ్వే పొయ్యాలి అవ్వా. ఇంకెవరినీ పొయ్యనివ్వను" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకుని అన్నాను.

ఆ పై ఏడు మా అమ్మాయి కడుపులో పడింది. తొమ్మిది నెలలూ ఆదివారం ఆదివారం అవ్వ వచ్చింది. ఐదో నెల నడుస్తున్నంతకాలం నేను బిగుసుకుపోయి ఉంటే, ఊరికే పక్కన కూర్చుని నా అరికాళ్లు ఒళ్లో పెట్టుకునేది. "ఫికర్ జెయ్యకు అనను. జేస్తవు. జెయ్యి, గని ఊపిరి తీస్కుంట జెయ్యి" అనేది. ఆ నెల దాటిన రోజు నాకంటే ముందు ఆమె లెక్కపెట్టుకుని, బెల్లంముక్క పట్టుకొచ్చింది.

మంచి ఆసుపత్రిలో కాన్పయింది. విజయవాడ నుంచి మా అమ్మ వచ్చింది. నర్సులు శుభ్రత గురించి ఎవరికైనా చెప్పే నాలుగు ముక్కలే మాకూ చెప్పారు. మా అమ్మ వాటిని నలభై చేసుకుంది. "ఎవరో ముసలామె, ఎన్నిళ్లు తిరిగొస్తుందో ఏమో. పసిగుడ్డుని ముట్టుకోనిస్తానా?" అంది. గోళ్లు చూపించే మనిషమ్మా, అనాలి నేను. అనలేదు. మా అమ్మ మీదికి తోసేస్తే ఇప్పుడు నాకు సులువే. కానీ నిజం చెప్పాలి. నాక్కూడా భయమేసింది. పిల్లల పెంపకం పుస్తకం ఒకటి కొనుక్కున్నాను, థర్మామీటర్ కొనుక్కున్నాను. పగిలిన పాదాల మీద నా బిడ్డని పడుకోబెట్టుకుని ఆమె నీళ్లు పోస్తుంటే ఆఫీసువాళ్లు చూడటానికి వస్తే ఏమనుకుంటారోనని కూడా అనుకున్నాను. ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లుంటారని మా నాయనమ్మ అనేది. వాళ్లెలా ఉంటారో అని నేను చిన్నప్పుడు ఆశ్చర్యపోయేదాన్ని.

ఇంటికొచ్చిన మూడో రోజు పొద్దున అవ్వ వచ్చింది. మెట్ల మీద ఆమె అడుగులు నాకు తెలుసు. నేను లోపలి గదిలో మంచం మీద ఉన్నాను, పాప పక్కన. తలుపు దగ్గరగా వేసి ఉంది.

"పడుకుందండీ" అంది మా అమ్మ.

"పండనీ. కూసుంట" అంది అవ్వ. కూర్చున్న చప్పుడు. ఆముదం సీసా గచ్చు మీద పెట్టిన చప్పుడు.

మా అమ్మ లోపలికొచ్చి, ఏం చెయ్యమంటావు, వెళ్లేలా లేదు, అంది. నేను లేచాను. లేచి బయటికి వెళ్లాల్సింది. బీరువా దగ్గరికెళ్లాను. నాకున్న వాటిల్లోకెల్లా మంచి నేత చీర, మంగళగిరిది, ముదురాకుపచ్చ, ఎర్రంచు, ఒక్కసారి కూడా కట్టనిది తీసి మా అమ్మ చేతిలో పెట్టాను. "పసుపూ కుంకుమా పెట్టి ఇవ్వమ్మా. మర్యాదగా ఇవ్వు" అన్నాను. మా అమ్మకి వాళ్ల రివాజు తెలియదు. నాకు తెలుసు. తెలిసే పంపాను. ఏదో ఒకటి ఇచ్చి పంపాలి కదా, మంచిదైతే బాధపడదు అనుకున్నాను. అంత తెలివితక్కువగా ఎలా అనుకున్నానో!

మా అమ్మ చీర పట్టుకుని బయటికెళ్లింది.

"చీర పిల్లనే ఇయ్యమన్నదా?" అని అడిగింది అవ్వ.

"అవునండీ, తనే తీసిచ్చింది."

"పండుకున్నదంటివి గద."

నేను తేలు కుట్టిన దొంగలా మంచం మీద కూర్చున్నాను. పాప కదిలింది. ఏడిస్తే దొరికిపోతానని పాపకి రొమ్ము అందించాను.

"సరే" అంది అవ్వ. లేస్తూ, మోకాళ్లు పట్టుకుని ఎప్పుడూ అనే అయ్యో అంది. మెట్లు దిగబోయి ఆగి, "పాలిచ్చేటప్పుడు వొంగొద్దని చెప్పుండ్రి. చెయ్యి కింద దిండు పెట్టుకోమనుండ్రి. లేకుంటే భుజాలు మళ్ల లేస్తయ్" అంది.

అప్పుడు నేను సరిగ్గా అలాగే వంగి ఉన్నాను.

కిటికీ గట్టు మీద కడియాలు లేవు. ఆ రోజు ఆమె వాటిని తియ్యలేదు. ఇల్లు మారేదాకా నాలుగు నెలలు ఆ ఊళ్లోనే ఉన్నాను, ఎదురుపడలేదు. నేనే పడకుండా తిరిగాను. తర్వాత ఎన్నిసార్లు వెళ్దామనుకున్నానో! మేమెక్కడున్నా మాదాపూర్ ఆరేడు కిలోమీటర్లకి మించలేదు. వంతెనలొచ్చాయి, రోడ్లు వెడల్పయ్యాయి, నేను రోజూ ఆ దారినే ఆఫీసుకి పోయాను. అమ్మాయి బళ్లో చేరాక, పదో తరగతి అయ్యాక, ఉద్యోగం వచ్చాక తీసుకెళ్లి చూపిద్దామనుకున్నాను. జర ఆగు, జర ఆగు అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాటని అలా వాడుకున్నది నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఆ వైద్యం గదిలోంచి వచ్చిన వారానికి మా అమ్మాయిని తీసుకుని వెళ్లాను. పాత ఇల్లు లేదు, ఆడపిల్లల హాస్టలు కట్టారు. కింది వాటాలో ఇంటావిడ కోడలు ఉంటోంది. మేం ఖాళీ చేశాక ఆ ఇంటికి వచ్చిన పిల్లట, నన్నెరగదు. అవ్వ గురించి అడిగితే, "అవ్వ పోయి పదేండ్లు దాటె అక్కా" అంది. "మంచిగనే పోయింది. నిద్రల."

కూర్చోమంది. టీ పెట్టింది. నేనెవరో చెప్పలేదు, ఒకప్పుడు అవ్వ చేత వైద్యం చేయించుకున్నానని మాత్రం అన్నాను.

"నాకు రెండుసార్లు కడుపు నిలవలేదక్కా" అంది ఆమె. "రెండుసార్లూ అవ్వనే నీళ్లు పోసింది. పచ్చ చీర సుట్టింది. పాతది చినిగిపోతే గిది పెట్టిందట. గింత మంచి చీర నువ్వు కట్టుకోవచ్చు గదా అవ్వా అని అడిగిన. 'ఒక బాలింత పెట్టింది. నేనామెకు ఆఖరి నీళ్లు పొయ్యలే. పని చెయ్యకుంట ఎట్ల కడ్త?' అన్నది."

చీర ఆమె దగ్గరే ఉంది. అవ్వ పోయేముందు ఇచ్చి, అవసరం పడ్డవాళ్లకి ఇమ్మందట. తెచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆకుపచ్చ వెలిసి బూడిద రంగు కలిసింది. ఎర్రంచు ఉందో లేదో. చేతికి దూదిలా తగిలింది. ఎంతమంది ఏడ్చారో అందులో. భుజాల మీద కప్పుకోవాలనిపించింది నాకు, చాలా గట్టిగా అనిపించింది. కానీ అది నీళ్లు పోయించుకున్నవాళ్ల చీర. నేను పోయించుకోకుండా పంపేసినదాన్ని. మడత పెట్టి ఇచ్చేశాను.

తిరిగొస్తూ కారులో మా అమ్మాయికి అంతా చెప్పాను, మొదటి బిడ్డ సంగతితో సహా. తనే నడుపుతోంది. సిగ్నలు దగ్గర ఆగాక అడిగింది.

"ఆవిడ బయట కూర్చుని ఉంది కదమ్మా. లేచావు కదా. బయటికి ఎందుకు రాలేదు?"

ఆ మంచం దగ్గర్నుంచి బీరువాకి ఎంత దూరమో తలుపుకీ అంతే దూరం. గడియ కూడా వేసి లేదు.